రాక్షసరాజు కూడా అండీ అనేవాడు

అక్కా,

మన పాత గేమ్‌కి రీమేక్ వచ్చింది. నువ్వు పోయాక దాన్ని ఫోన్‌లో ఆడుకునేలా మార్చారు. అందులో సగం తెర బటన్లకే సరిపోయింది. నువ్వుంటే ఆ చేసినవాళ్లని కడిగేసేదానివి. ఆ కోపంతో ఈ రీమేక్ కొనకూడదనే అనుకున్నాను, కానీ కొన్నాను.

బొమ్మలు బాగున్నాయి. అందరికీ గొంతులు పెట్టారు, అదే నాకు నచ్చలేదు. అప్పట్లో తెర కింద ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే వచ్చేవి. నాకు చదవడం రాదని, నిడదవోలు ఇంట్లో అందరి మాటలూ నువ్వే తెలుగులో చెప్పేదానివి. నీ నోట రాక్షసరాజు కూడా "రండి, కూర్చోండి, చంపేస్తానండి" అనేవాడు. ఆ గేమ్ తెలుగులోనే ఉందని నేను బడిలో అందరితో వాదించాను.

ఆ గేమ్‌లో, యుద్ధంలో చనిపోయినవాళ్లను చర్చికి తీసుకెళ్తే ఒక ముసలాయన బతికిస్తాడు కదా, ఆయనకి నువ్వు మన పాస్టరు గారి గొంతు పెట్టేదానివి.

ఈసారి కూడా మన జట్టులో వైద్యం చేసే అమ్మాయికి నీ పేరే పెట్టాను. నిన్న సాయంత్రం గుహలో ఆ అమ్మాయి చనిపోయింది. చర్చికి వెళ్లి, టీవీ సౌండ్ తీసేసి, ముసలాయన మాట నీలాగే పైకి చదివాను.

"ఎవరి కోసం ప్రార్థన చెయ్యమంటారండీ?"

తెర మీద ఒక్క పేరే ఉంది. బటన్ నొక్కాను. ఆ అమ్మాయి లేచి, మిగతావాళ్ల వెనక వచ్చి నిలబడింది.

వంటింట్లోంచి అమ్మ, "పాస్టరు గారొచ్చారేంట్రా? టీ పెట్టనా?" అంది.

"ఎవరూ రాలేదమ్మా," అన్నాను.