మోటారుకు పాస్‌వర్డ్

మార్చి 11, సోమవారం

అనంతపురంలో ట్రైనింగు. మా పాలకేంద్రం కంపెనీ వాళ్ళు కంప్యూటర్ ఆపరేటర్లందరినీ పిలిచారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే పాట: పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి. మొగుడికి కూడా చెప్పకూడదట. నా పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్ అంచుకు అతికించి ఉంటుంది. అది గుర్తొచ్చి సార్ కళ్ళలోకి చూడలేకపోయాను.

బస్సు దిగి తోట మీదుగా ఇంటికి నడిచాను. మోటారు గది గోడ చూసి ఒళ్ళు మండింది. మూడేళ్ళుగా చూస్తున్న గోడే. మా బోరు స్టార్టర్ డబ్బాలో ఒక సిమ్ ఉంది. ఆ నంబరుకు ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటారు ఆన్, మూడు నొక్కితే ఆఫ్. ఆ నంబరునే మా మామ ఈశ్వరప్ప ఎర్ర పెయింటుతో మూరెడు అంకెల్లో గోడ మీద రాయించాడు. పైపు పగిలితే దారిన పోయేవాళ్ళెవరైనా ఆపేస్తారని ఆయన లెక్క. అప్పుడు ఊరంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను.

ఉన్నది ఒక్క బోరు. రోజుకు రెండు గంటలు నీళ్ళు, ఆ తర్వాత పైపులో గాలే. నూట నలభై చీనీ చెట్లకు, అదే బత్తాయికి, గోలీకాయంత పిందె పట్టింది. ఈ రెండు నెలలు తడి తప్పితే మొత్తం రాలిపోతుంది. ఈసారి కాపు పోతే చెట్లు కొట్టించి భూమిని సోలారోళ్ళకు లీజుకిద్దామని మా ఆయన చంద్రమోహన్ ఏడాదిగా అంటున్నాడు. ఆయన బళ్ళారిలో లారీ నడుపుతాడు. అక్కడ కూర్చుని ఏమైనా అనొచ్చు. ఆ మాట వచ్చినప్పుడల్లా మామ అన్నం సగంలో లేచిపోతాడు.

మార్చి 13

మోటారు ఆన్ అయినా ఆఫ్ అయినా నా ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఎప్పుడూ చదివిన పాపాన పోలేదు. ఈరోజు కూర్చుని చదివాను. రోజూ ఉదయం ఏడు దాటాక ఒక ఆరు నిమిషాలు ఆన్. మళ్ళీ పదికి ఆన్, పన్నెండుకి ఆఫ్. ఈ ఆరు నిమిషాలు ఏమిటి?

మామను అడిగితే అన్నీ నేనే వేస్తాండానమ్మా అన్నాడు. మరి ఆదివారం పది గంటలకు ఆయన మా ఇంటి ముందు నా ఎదుటే క్షవరం చేయించుకుంటున్నాడు! ఆయన ఫోను లోపల మేకుకు వేలాడుతోంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఆ మాటంటే, అయితే కరెంటే వేసుకోనుంటుందిలే అన్నాడు. నాకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

మార్చి 14

మెసేజ్‌లన్నిటిలో మోటారు వేసినవాళ్ళ నంబరు ఒకటే. మామది కాదు. ఫోన్ చేశాను. ఎవురూ అని ఆడగొంతు, వెనక గొర్రెల అరుపులు. కట్ చేశాను.

మారెక్క. మా తోట పక్క బీట్లో గొర్రెలు మేపే మారెక్క.

మార్చి 15

పోలీసు మాదిరి ఫోను చేత్తో పట్టుకుని పోయాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ అప్పుడు లేదు.

మారెక్క దాచలేదు. అవునమ్మా, వేస్తాండా, ఆర్పుతాండా, మీ మామనే అడుగు పో అంది. ఆ ఆరు నిమిషాలు గొర్రెలు నీళ్ళు తాగేదీ నిజమేనంది. సరే పద అని ఇంటికి తీసుకొచ్చాను. మామ మంచం మీద కూర్చుని నవారు సవరించుకుంటున్నాడు. నువ్వు చెప్పినావా మామా అన్నాను. వేసిన ముడి విప్పి మళ్ళీ వేశాడు. తర్వాత, నాకేం తెల్దమ్మా అన్నాడు.

మారెక్క ఆయన వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఇంక మీ గట్టు తొక్కనులేప్పా అని వెళ్ళిపోయింది.

ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. నాకేమీ అర్థం కావడం లేదు.

మార్చి 17, ఆదివారం

మెకానిక్ ఓబులేష్ వచ్చి స్టార్టర్‌కు పాస్‌వర్డ్ పెట్టాడు. ఇకమీదట డబ్బా మూడు నంబర్ల మాటే వింటుంది. వాటికే మెసేజ్‌లూ పోతాయి. ఒకటి సర్వీసు వాళ్ళది, తీయడానికి లేదట. మిగతావి నాది, మామది. నాది లేదా అని చంద్రమోహన్ ఫోన్లో అలిగాడు.

పాస్‌వర్డ్ మామ ఆధార్‌లో ఉన్న పుట్టిన సంవత్సరం. నిజంగా ఎప్పుడు పుట్టాడో ఆయనకూ తెలియదు కానీ ఆధార్ నంబర్లన్నీ ఆయనకు కంఠతా. గోడ మీద అంకెలకు నేనే సున్నం కొట్టాను. మామ పక్కనే నిలబడి మంచిదిలేమ్మా అన్నాడు. ట్రైనింగ్ సార్ చూస్తే చప్పట్లు కొట్టేవాడు.

మార్చి 19

ఉదయం 10:05. తప్పు పాస్‌వర్డ్.

10:07. తప్పు పాస్‌వర్డ్.

10:10. తప్పు పాస్‌వర్డ్. గంటసేపు లాక్ చేయబడినది.

మూడూ మామ ఫోను నుంచే. గంట ఆగి పాలకేంద్రం నుంచి నేనే ఆన్ చేశాను. ఇంటికొచ్చి, మర్చిపోయినావా మామా అంటే గడగడా నాలుగంకెలూ అప్పజెప్పాడు. మరి తప్పెందుకు కొట్టాడు?

మార్చి 20

మళ్ళీ మూడు తప్పులు. భయమేస్తోంది. మా పెద్దమ్మకు మతిమరుపు ఇలాగే మొదలైంది. చంద్రమోహన్‌కు చెబితే, వయసైపోయింది, ఇంక నాయన్ను తోటకు పంపొద్దు అన్నాడు. సోలార్ మాట మళ్ళీ ఎత్తాడు. మామ వసారాలోనే ఉన్నాడు. విన్నాడేమో.

మార్చి 22

పాల లారీ లేటు. కంప్యూటర్ మొరాయించింది. మోటారు మర్చేపోయాను. పరుగెత్తి తోటకు పోయేసరికి కరెంటు లేదు. చెట్ల కింద పిందె రాలి ఉంది. వంగి ఏరబోయి, ఏరి ఏం చేస్తానని ఊరుకున్నాను. ఏడుపొచ్చింది. ఎవరి నుంచి కాపాడాలని తాళం వేశానో, ఆ మారెక్క ఉన్నన్నాళ్ళూ ఒక్క పూట తడి తప్పలేదు.

మార్చి 24

మెసేజ్ ఏదీ రాలేదు. అయినా పాదులన్నీ తడిగా ఉన్నాయి.

మార్చి 25

ఈరోజూ అంతే. మామను అడిగితే దేవుడు పోసినాడు అన్నాడు. నాకు పిచ్చిపట్టేలా ఉంది.

మార్చి 26, మంగళవారం. కళ్యాణదుర్గం ఆసుపత్రి

పదిన్నరకు మారెక్క ఫోన్. బిరీన రామ్మా, మీ మామకు కరెంటు కొట్టింది అంది.

మామ బతికాడు. ముందు ఆ మాట రాసుకోవాలి. కుడి చెయ్యి కాలింది. బీట్లో ఉన్న మారెక్క కేక విని గట్టు దాటి పరుగెత్తి, గొర్రెల కర్రతో ఆయన చెయ్యి కొట్టి విడిపించింది. ఇంక తొక్కనన్న గట్టే అది.

ఫోనుతో పడలేక ఆదివారం నుంచి ఆయన స్టార్టర్ డబ్బా తెరిచి, లోపల పచ్చ బటన్ చేత్తో తడుముకుని నొక్కేవాడట. అలా వేస్తే మెసేజ్ రాదు. ఈరోజు వేళ్ళు వైరుకు తగిలాయి.

తడుముకోవడం ఎందుకని నేను ఆలోచించేలోపే డాక్టరు ఆయన కళ్ళలో టార్చి వేశాడు. రెండు కళ్ళకూ శుక్లాలు, బాగా ముదిరాయి, ఎన్నాళ్ళ నుంచి కనబడడం లేదు అని నన్ను అడిగాడు. ఒకే ఇంట్లో ఉంటున్నదాన్ని. నాకు తెలియదు. గుమ్మం దగ్గర నిలబడిన మారెక్క చెప్పింది, పోయిన ఉగాది నుంచి సార్ అని.

సాయంత్రం

కారిడార్‌లో మారెక్క అంతా చెప్పింది. మామ మట్టి చేత్తో నలిపి ఏ వరసకు నీళ్ళు కావాలో చెప్పేవాడు. ఈయమ్మ తన ఫోన్లో మోటారు వేసేది, గాలి రాగానే ఆపేది. ఆయన తోటకు రాని రోజూ ఈయమ్మే చూసుకునేది. అందుకు బదులు గొర్రెలకు ఆరు నిమిషాల నీళ్ళు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడట. కళ్ళు పోయినాయని తెలిస్తే నా కొడుకు చెట్లు కొట్టేస్తాడు, నన్ను మూలన కూర్చోబెడతాడు అనేవాడట. మరి ఆరోజు నీ మీద నింద పడినా ఎందుకు చెప్పలేదు మారెక్కా అంటే, ఒట్టు వేసినానే అంది. అంతే.

లోపలికి పోయాను. మామ నా అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు. ఆయమ్మ దొంగ కాదమ్మా, దొంగను నేనే అన్నాడు. కాదు మామా అన్నాను.

ట్రైనింగ్ సార్ చెప్పింది తప్పా? తప్పేమీ కాదు. మూడేళ్ళు గోడ మీద నంబరు రాసుకోవడం తెలివా? అదీ కాదేమో. మరి నేను ఏం చేసి ఉండాల్సింది? ముందు అడిగి ఉండాల్సింది. అడిగాను కదా. అడిగిన తీరు అలాంటిది.

ఏప్రిల్ 2

మామ ఇంటికొచ్చాడు. చెయ్యి మానాక కళ్ళ ఆపరేషన్. తోటకు రోజూ ఎవరు నీళ్ళు పెట్టాలి? మారెక్కను అడిగాను. నా కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకునేదాన్ని. ఆమె అలాంటిదేమీ అడగలేదు. ఆ నాలుగంకెలు మాత్రం నాకొద్దు, గొర్రెల్ని చూసుకోవాల్నా అంకెలు చూసుకోవాల్నా అంది. ఓబులేష్ పాస్‌వర్డ్ తీసేశాడు. కానీ నంబర్లు మూడే, నాలుగోది పట్టదన్నాడు. మారెక్కది ఎక్కించాలంటే ఎవరిదో ఒకటి తీయాలి.

నాయనది తీసెయ్, ఎట్లాగూ కనబడదు కదా అని చంద్రమోహన్ అన్నాడు. నా ఫోన్ స్పీకర్‌లో ఉంది. మామ మంచం మీద కదలకుండా పడుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు.

నాది తీసేయమన్నాను.

ఏప్రిల్ 6, పాలకేంద్రం, పదకొండు గంటలు

మోటారు వేసే వేళ దాటి గంట అయ్యుంటుంది. మెసేజ్‌లు రాని ఫోను బల్ల మీద ఊరికే ఉంది. మోటారు తిరుగుతోందో లేదో నాకు తెలియదు.

ఫోన్ చేసి మారెక్కను అడగొచ్చు. అడగను.