రెండు తొట్ల నీళ్లు

రాయించేది కుళాయిలకు మెరుపు పూత వేసే షాపు ముసలమ్మ. వయసు డెబ్బై మూడు. ఇంట్లో నేనూ, నీ చెల్లెలూ, దాని మొగుడూ. ఊళ్లు తిరిగి ఆర్డర్లు పట్టే నా కొడుక్కి దీవెనలు. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. బాగుండాల్సిన ఇంకో మనిషి లేడు.

నా మోకాలి సంగతి అడిగావు. కూర్చుంటే లేవనివ్వదు, లేస్తే కూర్చోనివ్వదు, అచ్చం మా అల్లుడే. షాపు సీలు తీశారా అని అడిగావు. తియ్యలేదు.

"నాకు చదువు రాదు, వెయ్యమన్నచోట వేలిముద్ర వేశానని చెప్పమ్మా, నిన్నెవరూ ఏమీ అనరు" అని రాశావు. నాకు అక్షరం రాదు గానీ చెవులున్నాయి నాయనా.

నిరుడు డ్రైనేజీ ఆఫీసరమ్మ మన షాపుకొచ్చి ఏమంది? "మురుగులో కలిశాక శుభ్రం చెయ్యడం మా తిప్పలు. అసలు కలిసేదే తగ్గించడం మీ పని. ఎలా తగ్గిస్తారో ప్లాను రాసివ్వండి" అంది. నువ్వు టైపు చేయించావు. టైపిస్టు నా ముందే చదివాడు. పూతలో ముంచిన కుళాయిలను ఇరవై లెక్కపెట్టేదాకా తొట్టి మీదే వేలాడదీస్తాం, కారేది తొట్లోకే కారుతుంది. యాసిడ్ నీళ్లూ సైనైడు నీళ్లూ వేరువేరు డ్రమ్ముల్లో పట్టి, విషపు నీళ్లు తీసుకెళ్లే బండికి అప్పజెబుతాం, కాలువలోకి వదలం. మీ నాన్న పెదాలు కదుపుతూ ఇరవై లెక్కపెట్టడం గుర్తొచ్చి సంతోషంగా ముద్ర వేశాను. మర్నాడే నువ్వు పనివాళ్లతో "ఐదు చాలు, కానివ్వండి" అన్నావు. డ్రమ్ములేవిరా అంటే "అది కాగితం కోసమమ్మా" అన్నావు. నోరు మూసుకున్నాను. అది నా మొదటి తప్పు.

రెండోది నీకు తెలుసు. రేపు తనిఖీ, యాసిడ్ తొట్టీ సైనైడు తొట్టీ రెండూ కాలువలోకి వదిలేసి మంచినీళ్లు నింపమని ఫోన్ చేశావు. అల్లుడు వెనక్కి తగ్గాడు. బిరడాలు నేనే లాగాను. ఆ రెండూ కలిస్తే పుట్టే గాలి ఒక్క గుక్క చాలు ప్రాణం పోవడానికని మీ నాన్న నలభై ఏళ్లు చెప్పాడు. తెలిసే లాగాను.

మూడోది నీకు చెప్పలేదు. ఆ పొద్దున డ్రైనేజీ కాలువలు శుభ్రం చేసే పొడుగాయన మన మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగాడు.

"అమ్మా, ఇవాళ మీ మూల మీద మ్యాన్‌హోల్‌లో దిగుతున్నాను. మధ్యాహ్నం దాకా ఏమీ వదలొద్దు."

"వదలంలే, దిగు" అన్నాను.

పదకొండింటికి నీ ఫోను. ఈపాటికి పైకొచ్చి ఉంటాడులే అనుకున్నాను. మూల దాకా పట్టుమని పాతిక అడుగులు లేవు. వెళ్లి చూడ్డానికి మోకాలు అడ్డమొచ్చింది. తొట్ల దగ్గరికి మాత్రం బాగానే నడిచింది.

పొడుగాయన్ని తాడేసి పైకి లాగారు. ముఖం ఎర్రగా, ఇప్పుడే ఎండలోంచి వచ్చినట్టుంది. బతికే ఉన్నాడనుకున్నారు. నేను అనుకోలేదు.

ఇవాళ డ్రైనేజీ ఆఫీసుకొచ్చి ఆఫీసరమ్మకు అంతా చెప్పేశాను. నీ ఫోను మాటలతో సహా. నువ్వు చెప్పావు, నేను లాగాను, ఇద్దరి పేర్లూ రాసుకుంది. నీకు కబురొస్తుంది. వస్తే తిన్నగా ఇక్కడికే రా. ముందు ఇంటికొచ్చి నా కాళ్లు పట్టుకోకు, కరిగిపోతానేమోనని నాకే భయం.

వాంగ్మూలానికి సాక్షి కావాలంటే అల్లుడు టీ తాగొస్తానని జారుకున్నాడు. బెంచీ చివర కూర్చున్న పొడుగాయన భార్య లేచింది. "చదవండి, వింటాను" అంది. "వదలంలే, దిగు" అన్నచోట ఆపి, మళ్లీ చదివించుకుంది. నన్ను తిట్టినా బాగుండేది. ఆ బెంచీ మీదే నీకు ఈ ఉత్తరం రాయిస్తున్నాను. దీనికీ సాక్షిగా ఉంటావా అని అడిగితే, బొటనవేలు ముందుకు చాపింది.

ఇట్లు,
నీ అమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు:
రాసిపెట్టిన దర్జీ కూతురు (సంతకం)
పొడుగాయన భార్య (వేలిముద్ర)