అలమారాలో స్టూడియో

జూన్ 3
ప్రాజెక్ట్ నాదే! పెద్ద నవల, మొత్తం నా గొంతులోనే. ఆడియోబుక్ కంపెనీ ప్రొడ్యూసర్ స్వయంగా ఫోన్ చేసింది. ఇన్నాళ్లూ చిన్నాచితకా ప్రకటనలు చదివి నెట్టుకొచ్చాను. పడకగదిలోని బట్టల అలమారాయే నా స్టూడియో. దుప్పట్ల మధ్య మైకు పెడితే గొంతు శుభ్రంగా వస్తుంది. నేను అందులోకి కాపురం మార్చేశానని మా ఆయన ఆటపట్టించారు.

జూన్ 11
ఇంట్లో రూల్స్ పెట్టాను. తలుపు మూసి ఉంటే మిక్సీ లేదు, టీవీ లేదు, మాటల్లేవు. మా అమ్మాయి చిట్టి మునివేళ్ల మీద నడుస్తోంది. ఏడేళ్లకే ఎంత బుద్ధో అని మురిసిపోయాను.

జూన్ 20
ఆదివారం కూడా చదవమన్నారు. చదివాను.

జూలై 2, మధ్యాహ్నం
స్కూల్ నుంచి టీచర్ పిలిపించింది. చిట్టి క్లాసులో గుసగుసగానే మాట్లాడుతోందట. పేరడిగినా అంతేనట. డాక్టర్‌కి చూపించారా అంది. ఇంటికొచ్చే దారిలో ఎందుకలా అని అడిగాను. నా చెవి దగ్గరకొచ్చి చెప్పింది: "నువ్వెప్పుడు రికార్డింగ్‌లో ఉంటావో తెలీదుగా అమ్మా."
దాని గొంతు నొక్కి నా గొంతు అమ్ముకుంటున్నాను.

అదే రోజు, సాయంత్రం
ప్రొడ్యూసర్‌కి ఫోన్ చేశాను. ఇకమీదట చిట్టి స్కూల్లో ఉన్నప్పుడే రికార్డింగ్, ఆదివారాలు కుదరవు, పుస్తకం ఆలస్యమవుతుంది అని చెప్పేశాను. అలాగైతే వేరే గొంతు వెతుక్కోవాలేమో అంది.
"వెతుక్కోండి మేడమ్. నా కూతురికి వేరే అమ్మ దొరకదు కదా."
అన్నాక నాకే ఆశ్చర్యం. కూరగాయలు తరుగుతున్న మా ఆయన లేచి వెళ్లి టీవీ సౌండ్ పెంచారు.

జూలై 3
ఫోన్ రాలేదు. అన్నం సయించలేదు.

జూలై 7
నన్నే ఉంచారు! గడువు కూడా జరిపారు. మొదటి అధ్యాయాలు విన్నాక ఇంకో గొంతు ఎవరి చెవికీ ఆనలేదట. వంటింట్లో గెంతాను, ఈ వయసులో.

జూలై 15
చిట్టి ఇంకా గుసగుసలే. చెబితే వినదని ఇవాళ నేనూ ఆయనా హాల్లో నిలబడి పోటీపడి అరిచాం. పక్కింటావిడ కంగారుగా తలుపు తట్టింది. టీవీ అని నేను, రికార్డింగ్ అని ఆయన ఒకేసారి చెప్పాం. మా మొహాలు చూసి చిట్టి పడీపడీ నవ్వింది. వీధి చివరికి వినబడి ఉంటుంది.

ఆగస్టు 21
నిన్న స్కూల్ మైదానంలో పరుగు పందెం. స్నేహితురాలు గెలిచేదాకా చిట్టి అరిచింది. దాని పక్కన నేనూ. ఇవాళ ఇద్దరి గొంతులూ బొంగురే. రికార్డింగ్‌కి సెలవు.