అవతలి ఒడ్డు సున్నాలు

ముక్కోపి మనవరాలికి,

అమ్మమ్మ దీవెనలు. వాటి వెనకే ఒక దిద్దుబాటు కూడా పుచ్చుకో. తాతయ్య పోయిన ఈ మూడేళ్లలో చెరువు అవతలి ఒడ్డు తాబేళ్లు దాదాపు అన్నీ చచ్చిపోయాయని రాశావు. చచ్చిపోయాయని కాదు, దొరకలేదని రాయాలి. తాబేలు బతికి ఉండే అవకాశం వేరు, బతికున్నది మన వలలో పడే అవకాశం వేరు. ఏటా అవే వలలు, అన్నే రోజులు వేశామని నా లెక్కల పుస్తకంలో ఉంది కనుక దొరికే అవకాశం మారలేదనుకున్నానన్నావు. నీ తర్కంలో తప్పు లేదు. ఆ పుస్తకం సంగతికి తర్వాత వస్తాను.

ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, గోడగడియారమూ. దానికి ఈమధ్య పది నిమిషాల మతిమరుపు వచ్చింది. నాకింకా రాలేదు.

మోకాలు ఎలా ఉందని అడిగావు. దాని పని అది చేసుకుంటోంది, నన్నే చేసుకోనివ్వడం లేదు. ఎవరితోనైనా మాట్లాడుతున్నావా అని అడిగావు. పాలవాడితో "రేపు అరలీటరు చాలు" అని మాట్లాడాను. అది నిన్న. ఇవాళ ఇంకా ఏమీ అనలేదు.

తాతయ్య ఉన్నప్పటి పుస్తకాల్లో ప్రతి అంకె పక్కనా చిన్న టిక్కు ఉంది, ఆ తర్వాత లేదు, ఎందుకన్నావు. కళ్లున్నాయే నీకు! అది మా ఇద్దరి పద్ధతి. తాబేలు డిప్ప అంచున ఆకురాయితో కోసిన గాట్లు చూసి ఆయన దాని అంకె చదివేవారు. నేను అదే తిరిగి చెప్పి రాసుకునేదాన్ని. అప్పుడే టిక్కు. తిరిగి చెప్పని అంకె మా లెక్కలోకి రాదు. ఒకసారి నేను పరధ్యానంగా "నూట ఇరవై రెండు" అంటే, "ఆవిడ డిప్ప మన అల్మరాలో ఉంది. ఇక్కడికెలా వస్తుందే?" అన్నారు. ఆ రోజంతా నన్ను నూట ఇరవై రెండనే పిలిచారు.

మొన్న పడవవాడు గుమ్మం ముందు ఆగాడు.

"ఏం పెద్దమ్మా, ఈ ఏడు కూడా అవతలికి రారా?"

"నీ పడవ ఎక్కడం కంటే ఈదడం నయం."

"ఈదండి మరి. అక్కడ దుంగ మీద పదకొండు కూర్చున్నాయి, చెరువు వాళ్ల నాన్న రాసిచ్చినట్టు. అన్నింటికీ మీ గాట్లే."



ఈ నెలాఖరుకి నీ నివేదిక అధికారులకి వెళ్తుంది. అవతల తాబేళ్లు మిగలవని నువ్వు తేలిస్తే, ఉన్న కాసిన్నీ పట్టి వేరే నీళ్లలో వదిలేస్తారు, ఆ ఒడ్డు పూడ్చేస్తారు. కాబట్టి ఇక దాచి లాభం లేదు. విను.

ఆయన పోయిన ఏడు ఒక్కరోజు అవతలికి వెళ్లాను. మొదటి వలలో ఒకటి పడింది. గాట్లు లెక్కపెట్టి "రెండువందల ఆరు" అని గట్టిగా చదివాను. చదివి, ఆగాను. ఎంతసేపు ఆగానో తెలియదు, చేతిలో అది కాళ్లు కొట్టుకుంటోంది. రాయకుండానే నీళ్లలో వదిలేసి, వలలన్నీ ఎత్తుకొచ్చేశాను. ఇంటికొచ్చి ఆ ఒడ్డు గడుల్లో వరసగా సున్నాలు పెట్టాను. తర్వాతి రెండేళ్లూ అసలు దాటలేదు. అయినా వల వేసినట్టే రాశాను, సున్నాలే పెట్టాను.

వెతికితే దొరక్కపోవడం సున్నా. వెతక్కపోవడం ఖాళీ. ముప్పై ఏళ్లు కాలేజీలో ఈ తేడా చెప్పి పిల్లల్ని నిలబెట్టినదాన్ని. కానీ ఖాళీ వదిలితే ఎందుకు ఖాళీ అని ఎవరైనా అడుగుతారు. సున్నాని ఎవరూ ఏమీ అడగరు.

ఆ మూడేళ్ల అవతలి గడులన్నీ కొట్టేసి "వెతకలేదు" అని రాయి. గడువు ఒక సీజను పెంచమని అడుగు. కారణం నేనేనని రాయి, "క్షేత్రస్థాయి ఇబ్బందులు" అంటూ నన్ను కప్పెట్టకు. పదకొండు కనబడ్డాయి కదా అని సంబరపడకు కూడా, మిగతావి నిజంగానే పోయి ఉండొచ్చు. అయితే ఇప్పుడు మనం పట్టే పాత గాట్ల తాబేలు ప్రతిదీ ఈ మూడేళ్లూ బతికే ఉందన్నట్టు. నేను చెరిపేసిన ఏళ్లకి అదే సాక్ష్యం. కోపం వస్తే రానీ. నీ కోపం మూడు రోజులు ఉంటుంది, శనివారానికి సరిపోతుంది.

శనివారం వచ్చేటప్పుడు బస్టాండు వెనక చెప్పుల షాపులో మనిద్దరికీ మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు రెండు జతలు తీసుకురా. నా సైజు ఐదు, కానీ ఆరు తీసుకో, మందం మేజోళ్లు వేసుకుంటాను. కొనేముందు లోపల నీళ్లు పోయించి ఐదు నిమిషాలు ఆగి చూడు, షాపువాడు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. పచ్చవి మాత్రం వద్దు, గడ్డిలో విప్పిపెడితే మళ్లీ దొరకవు.

ఇట్లు,
తప్పుడు లెక్క రాసిన
మీ అమ్మమ్మ