శ్రీధర్ సైకిలు

శుక్రవారం రాత్రి, వుడ్‌ల్యాండ్స్, సింగపూర్

ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చిన మా టీమ్ లీడ్ శ్రీధర్ ఇవాళ లంచ్‌లో మళ్లీ ఫోటోలు పరిచాడు. పచ్చిక, గొర్రెలు, మధ్యలో సైకిలు మీద తను.

"వీకెండంతా హాయిగా తొక్కుకుంటూ పోయేవాణ్ణి సుజాతా. ఒక్క ఫోన్ వచ్చేది కాదు."

ఎలా వస్తుంది? క్లయింట్ ఫోన్లన్నీ ఇక్కడ నాకే వచ్చేవి. అతను ఊళ్లు తిరిగిన ప్రతి శనివారం నేను ఆఫీసులో కూర్చుని అతని తప్పులు దిద్దాను.

వచ్చే నెల అతని స్థానంలో నేను వెళ్తున్నాను. ఇక్కడ వీకెండ్‌లో క్లయింట్ ఫోన్లెత్తే సపోర్టు జాబితా వేసేది నేనే. అన్ని శనివారాలకీ, ఆదివారాలకీ అతని పేరే రాశాను. మేనేజర్ సంతకం కూడా పెట్టేశాడు. అది తెలియక శ్రీధర్, "నా సైకిలు అక్కడే ఇంటి ఓనర్ షెడ్డులో ఉంది, వాడుకో," అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నవ్వుతూ తీసుకున్నాను.

దిగులల్లా ఒకటే. నాకు సైకిలు తొక్కడం రాదు.

సాయంత్రం పక్క ఫ్లాట్ పాప సైకిలు అడిగి, బ్లాక్ కింద ఎక్కి పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. "ఆంటీ, స్లోలీ లా," అంది పాప ఇక్కడి యాసలో.

నిదానంగా నేర్చుకునే టైమెక్కడుంది? ఆ గొర్రెల మధ్య నా ఫోటో, శనివారం అతని ఫోన్ మోగే వేళకి అతనికి చేరాలి.