రెవరెండ్ లోరీ దాచుకోని పేజీ

గ్లాస్గో,
14 అక్టోబర్ 2006.

బాపుకు, సుగుణ నమస్కారాలు. ఇక్కడ వాన ఆగడం లేదు గానీ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. మీ మనవరాలు సంజన తెలుగు మాట్లాడుతున్నదా అని అడిగారు. అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

నేను రాస్తున్న పుస్తకం ఎవరి గురించని కూడా అడిగారు. ఎబెనెజర్ లోరీ అని, నూట యాభై ఏళ్ల కిందటి ప్రెస్బిటేరియన్ పాదిరి. ఇక్కడికి దగ్గర్లోనే ఒక నేతగాని కొడుకు. ఇరవై నాలుగో ఏట మగ్గం దిగి కాలేజీలో చేరాడు. పాదిరి అయి అమెరికా వెళ్లి, ఒక యూనివర్సిటీకి అధ్యక్షుడై ఇరవై ఏళ్లు నడిపాడు. బీదపిల్లలకు చదువు పెట్టిన మహానుభావుడని ఇక్కడి చర్చి గోడమీద చెక్కి ఉంది.

ఆయన డైరీలో నాకొక పేజీ దొరికింది. 1869లో ఒక నల్లజాతి యువకుడు ప్రవేశ పరీక్షలో అందరికంటే పైన నిలిచాడు. ట్రస్టీలు వద్దన్నారు. లోరీ అతణ్ణి పిలిచి, నీ గ్రీకు భాష చాలదని చెప్పి పంపేశాడు. ఆ రోజే రాసుకున్నాడు: "అతని గ్రీకు నా గ్రీకు కంటే మెరుగు. నేను భయపడ్డాను."

పుస్తకం రాయించుకుంటున్నది ఆయన మునిమనవరాలు మార్గరెట్ ఆంటీ. అది చదివి ఆమె ముఖం పాలిపోయింది.

"ఇది వదిలేయి సుగుణా, మా ఇంటి పరువు."

"ఆయనే దాచుకోలేదు ఆంటీ. ఇది తీసేస్తే నా పేరూ తీసేయండి" అన్నాను.

పది రోజులు ఆమె ఫోన్ చేయలేదు. తర్వాత ఒకనాడు వచ్చి, "ఉంచు" అన్నది. అంతే.

బాపూ, ఇక అసలు మాట. మీరు ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ స్వర్ణోత్సవానికి మీ జీవితచరిత్ర నన్ను రాయమన్నారు. నాలుగు నెలలుగా తప్పించుకుంటున్నాను. 1984లో మొగిలయ్య సీటు కోసం మన ఇంటికి వచ్చిననాడు నేను కిటికీ వెనకే ఉన్నాను. నాకప్పుడు పదకొండేళ్లు. "పరీక్షల మార్కులు రాలేదు బిడ్డా, వేరే కాలేజి చూస్కో" అన్నారు మీరు. అతను గేటు దాటాక అమ్మతో, "అందరికన్న వానికే ఎక్కువచ్చినయి. హరిజన పిలగాన్ని తీసుకుంటే కమిటీ ఊకుంటదా?" అన్నారు.

మీకు చెప్పకుండా పోయిన నెల మొగిలయ్యకు ఫోన్ చేశాను. ఆర్టీసీలో కండక్టరట. నేను విన్నదంతా చెప్పాను.

"సారు మీద కోపం లేదమ్మా. గని నేను సరిగ సదువలేదనే మా నాయిన సచ్చేదాక అనుకున్నడు. గదొక్కటి రాయి" అన్నారు.

రాస్తాను బాపూ. మీరు చేసిన మంచి అంతా రాస్తాను, ఇదీ రాస్తాను. మీకు ఇష్టం లేకపోతే వేరేవాళ్లతో రాయించుకోండి. మీ మీద ప్రేమ తగ్గి కాదు, ఇది వదిలేసి నేను రాయలేను. అయితే నా పుస్తకం కంటే ముందు మొగిలయ్య ఈ మాట మీ నోట వినాలి. నంబర్ ఉత్తరం వెనక ఉంది. సాయంత్రం నాలుగింటికి డ్యూటీ దిగుతారు.

ఇట్లు,
మీ పెద్దబిడ్డ
సుగుణ