బాపు అంత జల్ది ఎట్ల ఒప్పుకున్నడు

సిద్దిపేట, బుధవారం

బీబీఏ ఇడిసిపెట్టి డాక్టర్ చదువుకు నీట్ రాస్త అని పొద్దుగూకంగ చెప్పిన. బాపు లొల్లి చేస్తడనుకున్న. "మంచిది బిడ్డా, రాయి" అన్నడు, గంతే. ఇంటర్ల బైపీసీ చదివిన నన్ను, అది మనతోని కాదని తీస్కపోయి బీబీఏల ఏసింది ఈయననే. అప్పుడు నేను అన్నం ముట్టకుంట ఏడ్చినా కరగలే. ఇయ్యాల ఎట్ల కరిగిండు? నాకైతే నమ్మబుద్ధయితలేదు.

ఏదన్న పెండ్లి సంబంధం చూసి నన్ను మెల్లగ దువ్వుతున్నరేమో అనుకున్న. అమ్మను అడిగితే మొఖం తిప్పుకొని గిన్నెలు తోమబట్టింది.

గప్పుడు గోడ దిక్కు చూసిన. బాపు తాడిచెట్టెక్కే మోకు దుమ్ము పట్టి యాలాడుతుంది. ఒక్క పూట గీయకున్నా కల్లు ఆగుతదని జరమొచ్చినా చెట్టెక్కే మనిషి. అడిగితే, "చిన్నాయిన ఎక్కుతుండు తియ్" అన్నడు, ఎడమ చెయ్యి పిసుక్కుంట. దవాఖానకు పోదామంటే ఇననట్టే ఉన్నడు.

పండుకునే ముందు మళ్ల నా దగ్గరికి వచ్చిండు.

"డాక్టర్ అయ్యేసరికి ఎన్నేండ్లు పడ్తది?"

"ఆరేడేండ్లు బాపు."

రొమ్ము మీద చెయ్యి పెట్టి రాసుకున్నడు.

"ఇంక జల్ది కాదా బిడ్డా?"